బ్రేకక్క రెండో పుస్తకం

ఆవిడ అసలు పేరేదైనా గానీ, ఆ చుట్టుపక్కల వీధుల్లో అందరికీ బ్రేకక్కే. కారు నడపడం నేర్పేటప్పుడు నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటుంది కదా, ఆ పక్క సీటు ముందు ఆవిడ కాలికి అందేలా ఇంకో బ్రేకు బిగించి ఉంటుంది. స్టీరింగ్ లేదు, హారన్ లేదు, ఉన్నదల్లా ఆ ఒక్క బ్రేకే. కొత్తవాళ్ళు గోడల మీదికీ కరెంటు స్తంభాల మీదికీ ఎంత ఉత్సాహంగా ఉరికినా, జానెడు దూరంలో బండి టక్కున ఆగిపోయేది. ఆ కాలు చల్లగా ఉండబట్టే ఆ వీధుల్లో గోడలింకా నిలబడి ఉన్నాయని చెప్పుకునేవారు.

పెళ్ళికి ముందు బట్టల కొట్లో బిల్లులు రాసేది. వాళ్ళ అన్నయ్య కొత్తగా కారు కొన్నాడు. చెల్లెలు ముచ్చటపడి స్టీరింగ్ పట్టుకోబోతే, "నీకెందుకే ఇవన్నీ!" అని తాళాలు జేబులో వేసుకున్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రోషంతో వెళ్ళి నేర్చుకుంది. నేర్చుకున్నది చాలదన్నట్టు నేర్పడం కూడా మొదలుపెట్టింది. మొట్టమొదట నేర్పింది అన్నయ్య పెళ్ళానికే. ఇక తాళాలు ఎవరి జేబులో ఉండేవో వేరే చెప్పాలా?

కవిత్వం సంగతి అలా కాదు. అది రోషంతో వచ్చింది కాదు, ఖాళీగా కూర్చోలేక వచ్చింది. నేర్చుకునేవాళ్ళు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు. ఎవరింటి ముందో బండి ఆపుకుని, అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే, బయట వీధి చప్పుడు లేకుండా నడుస్తూ ఉంటుంది. చూసి చూసి ఒకరోజు రసీదు వెనకాల నాలుగు వాక్యాలు రాసింది. అలా అలా పోగై 'పక్క సీటు' అని ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ఒక పత్రికవాళ్ళు 'అందిన పుస్తకాలు' అనే చోట అట్టడుగున ఒకే ఒక్క ముక్క రాశారు: "ఈ కవయిత్రికి భవిష్యత్తు ఉంది." ఆ ముక్క కత్తిరించి కారులో ఎండ కొట్టకుండా కిందికి దింపుకునే అట్ట వెనకాల దోపుకుంది. తర్వాత ఆ భవిష్యత్తు ఎటు పోయిందో, ఏళ్ళు గడిచినా జాడ లేదు.

ఇంట్లో ఉండేది ఆవిడా, ఆయనా. ఆయన్ని అందరూ స్టెనో గారంటారు. కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టీ కొట్టీ కిందటేడే రిటైరయ్యాడు. కింది వాటాలో ఆయన అక్కగారు. అంటే బ్రేకక్కకి ఆడపడుచు, 'వదిన' అని పిలుస్తుంది. ఆవిడది బ్యూటీ పార్లరు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పార్లరుకి వచ్చినవాళ్ళ జుట్టు కత్తిరిస్తూ ఒక చెవిలో వేసిన కబురు, కత్తిరింపు అయ్యేలోపు నాలుగు వీధులూ తిరిగొచ్చేది.

ఒక మంగళవారం పొద్దున బ్రేకక్క బండి తీస్తుంటే వదిన చేతిలో పత్రిక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వెనకాల మొహమంతా తెల్లటి లేపనం పూసుకున్న ఒక కస్టమరు కూడా, మాట్లాడితే పూత పగిలిపోతుందని "ఊఁ! ఊఁ!" అంటూ వచ్చేసింది.

"ఇదిగో మరదలా, నీ గురించి వేశారే!"

"నా గురించా?"

"చదువు!"

ఏదో సాహిత్య సంఘంవాళ్ళ ప్రకటన. కవితల పుస్తకానికి బహుమతి. ఇదివరకే ఒక సంపుటి అచ్చయిన కవులు మాత్రమే, తమ రెండో సంపుటి రాతప్రతిని పంపాలి. రాతప్రతి మీద పేరుండకూడదు. గెలిచినవాళ్ళ పుస్తకం వాళ్ళే అచ్చు వేస్తారు. గడువు శుక్రవారం సాయంత్రం.

"ఇదివరకే అచ్చయిన కవులు మాత్రమే," అని బ్రేకక్క ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. మూడోసారి గట్టిగా చదివింది. మనుషుల్లో అలాంటి జాతొకటి ఉందనీ, అందులో తనూ ఉందనీ ఆవిడకి అంతవరకూ తట్టలేదు. కాళ్ళు నేల మీద ఆనలేదు. బండి అలాగే వదిలేసి మెట్లెక్కి పైకి పరిగెత్తింది.

"ఏమండీ! నేను అచ్చయిన కవినండీ!"

స్టెనో గారు గడ్డం గీసుకుంటున్నాడు. "అచ్చయింది పుస్తకం," అన్నాడు, అద్దంలోంచి. "నువ్వు కాదు."

"ఏదో ఒకటి. శుక్రవారానికి రెండో పుస్తకం ఇవ్వాలి."

"ఉందా?"

ఉంది. కాకపోతే కాగితం మీద లేదు. మొదటి పుస్తకం వచ్చాక నేర్చుకునేవాళ్ళు పెరిగారు, రాసుకునే తీరిక పోయింది. అందుకని ఫోను ముందు అద్దం దగ్గర తగిలించుకుని, వాక్యం తోచినప్పుడు దాంట్లోకి చెప్పేసేది. పక్కన ఎవరు నడుపుతున్నా సరే, ఆవిడ చూపుడు వేలు పైకి లేచిందంటే లైను వచ్చిందని అర్థం. కిమ్మనకుండా నడపాలి. అలా ఏళ్ళ తరబడి చెప్పిన కవితలు, తునకలు, సగాలు, పావులూ అన్నీ ఆ ఫోనులో ఉన్నాయి.

"మీరు టైపు కొట్టిపెడతారా?" అని అడిగింది.

స్టెనో గారి వేళ్ళు రిటైరైన దగ్గర్నుంచీ దురద పెడుతున్నాయి. భోజనాల బల్ల మీద కూడా ఏదో ఒకటి కొడుతూనే ఉండేవాడు. సగం గడ్డం నురుగుతోనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "ఒక్క మాట పోనివ్వను," అన్నాడు. "మన రికార్డు తెలుసుగా."

తెలుసు. ఒకసారి సాక్షి వాంగ్మూలం మధ్యలో తుమ్మితే, 'సాక్షి తుమ్మెను' అని టైపు కొట్టిన మనిషి. ఆవిడ అది తల్చుకుని మురిసిపోయిందే తప్ప, ముందూ వెనకా ఆలోచించలేదు.

మంగళ, బుధ, గురువారాలు ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయలేదు. టీ కప్పు పక్కన పెడితే చల్లారిపోయేది. ఆవిడకి చూసుకునే సందు లేదు. ఆ వారమే నలుగురికి లైసెన్సు పరీక్ష, పొద్దున చీకటితో వెళితే పొద్దుపోయాక రావడం. శుక్రవారం మధ్యాహ్నం కట్ట తయారైంది. అది తీసుకుని వదిన, పార్లరు మూసి, ఆటోలో బయల్దేరింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి మిగిలిపోయింది. పెద్ద సిగ్నలు దగ్గర బ్రేకక్క కారు కనబడగానే ఆటోలోంచి దూకి, బళ్ళ మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి కాగితం లోపలికి తోసింది.

"పెట్టు, పెట్టు, పచ్చ పడుతోంది!"

ఆ పూట బండి నడుపుతున్నది తాళాలాయన. మార్కెట్టు మలుపులో తాళాల కొట్టు ఆయనది. ఎంత మొండి తాళమైనా ఇట్టే తెరిచేస్తాడు, కానీ ఫస్టు గేరు మాత్రం ఆయనకి లొంగలేదు. పచ్చ పడగానే గాభరాగా క్లచ్ వదిలేశాడు. బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. ఆ కుదుపుకి సంతకం చివరి అక్షరం కాగితం దాటి ఆవిడ మోకాలి మీదికి పోయింది. వెనక బళ్ళన్నీ మోత. వదిన కాగితం లాక్కుని మాయమైంది. గడువుకి కాస్త ముందు కట్ట అందింది.

ఆదివారం తీరిగ్గా స్టెనో గారు తమ కాపీని దారంతో కుట్టి, అట్ట వేసి తెచ్చి చేతిలో పెట్టాడు. అట్ట మీద 'హాఫ్ క్లచ్' అని పేరు. ఆవిడ చేతులు తుడుచుకుని, వంటింటి గట్టు మీద కూర్చుని మొదటి పేజీ తిప్పింది.

ఈ వీధి చివర వెలుగు
చెప్పులు విడిచి లోపలికొస్తుంది
అద్దం, అద్దం, ముందు అద్దం చూడండి
వెనక ఎవరో వస్తున్నారు

ఆవిడ కళ్ళు చికిలించింది. పేజీ తిప్పింది.

వెన్నెలా, నా భుజం మీద నువ్వు
ఓరి నాయనో, లారీ!
హారన్ మోత
ఏం కాలేదు, ఏం కాలేదు, నీళ్ళు తాగండి

"ఏమండీ!"

ఆ కేకకి కింది వాటాలో వదిన చేతిలో దువ్వెన జారిపోయిందట. స్టెనో గారు మాత్రం మెప్పు కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిదానంగా వచ్చాడు.

"ఏమిటిది?"

"నీ పుస్తకం."

"ఈ లారీ ఏమిటి నా వెన్నెల్లో?"

"నువ్వు అన్నావా, లేదా?"

"అన్నాను, కానీ…"

"లారీ అన్నావు. ఓరి నాయనో అని కూడా అన్నావు. రెండుసార్లు విని మరీ కొట్టాను."

"అది తాళాలాయనతో అన్నానండీ! కవిత్వంతో కాదు!"

"ఎవరితో అన్నావో టేపులో ఎలా తెలుస్తుందే?" ఆయన గొంతులో నిజంగానే నొచ్చుకున్నట్టుంది. "ఏది ఉంచాలో ఏది తీయాలో నేను తేల్చకూడదు. ముప్ఫయ్యేళ్ళు ఎవరి మాటా మార్చలేదు. పెళ్ళాం మాట మారుస్తానా?"

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కట్టంతా తిరగేసింది. ప్రతి కవితలోనూ ఎవడో ఒకడు గేరు మారుస్తున్నాడు. ప్రేమ కవితలో ఇండికేటరు వెయ్యమంటోంది. వర్షం కవిత మొత్తం వైపర్ల గురించే అయిపోయింది. ఒక చోట ఏకంగా, "మీ అమ్మాయికి జ్వరం తగ్గిందా?" అని ఉంది, దాని కింద, "తగ్గిందక్కా" అని జవాబు కూడా ఉంది.

సోమవారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాం ఆ సంఘం ఆఫీసుకి వెళ్ళారు. చెప్పుల కొట్టు పై అంతస్తులో ఒక గది, గోడ పొడుగునా కట్టలే కట్టలు. వాటి వెనకాల జలుబుతో ముక్కు ఎర్రబడ్డ గుమస్తా అమ్మాయి. బ్రేకక్క సంగతి చెప్పింది, సగం చెప్పీ సగం మింగీ.

"మార్చడానికి వీల్లేదండీ," అంది ఆ అమ్మాయి. "గడువు అయిపోయింది. కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ సంతకం పెట్టి పట్టుకెళ్ళండి."

కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. బ్రేకక్క పెన్ను తీసుకుంది. పెడదామని వంగింది కానీ, ఆ అమ్మాయి ఆపుకోలేక అడిగేసింది: "అంత తప్పేం పడిందండీ?"

"మీరే చదవండి," అని ఆవిడ పెన్నుతోనే స్టెనో గారికి సైగ చేసింది.

స్టెనో గారు కట్ట విప్పి, గొంతు సవరించుకుని, కోర్టులో వాంగ్మూలం చదివినట్టే, ఎక్కడా ఎక్కువా తక్కువా లేని గొంతుతో చదివాడు. "వెన్నెలా, నా భుజం మీద నువ్వు. ఓరి నాయనో, లారీ. హారన్ మోత."

గుమస్తా అమ్మాయి చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఏం కాలేదు, ఏం కాలేదు, నీళ్ళు తాగండి," అనేసరికి ఆ రుమాలు ఎగిరిపోయింది. బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతూ, దగ్గుతూ, తుమ్ముతూ, "ఇంకోటి, ఇంకోటి చదవండి" అంది. ఆయన మొహంలో ఒక్క గీత కదలకుండా ఇంకోటి తీశాడు.

అమ్మ పోయిన ఏడాది
ఇంట్లో గడియారం ఒక్కటే మాట్లాడేది
ఆ కాలు కాదండీ, రెండో కాలు
తొందరేం లేదు, వెనకవాళ్ళు ఆగుతారు

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమస్తా అమ్మాయి తలెత్తింది. "ఇదీ పొరపాటేనా?" అంది.

బ్రేకక్క కట్ట తన వైపు తిప్పుకుని ఆ నాలుగు వాక్యాలూ తనే చూసుకుంది. గడియారం దాకా తను రాద్దామనుకుని చెప్పింది. మిగతా రెండూ క్లచ్ దొరక్క చెమటలు పట్టిన తాళాలాయనకి రోజూ చెప్పే మాటలు. రోజుకి పదిసార్లు అంటుంది, ఒక్కసారి కూడా వినలేదు. అమ్మ పోయిన ఏడాది తనకి ఎవరూ ఆ మాట చెప్పలేదన్నది అప్పుడే తట్టింది. ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేది అనిపించింది.

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"లారీ సంగతో?" అన్నాడు స్టెనో గారు.

"వెళ్ళనివ్వండి," అంది. "లారీ కూడా వెళ్ళనీ. మహా అయితే నవ్వుతారు. నవ్వితే నవ్వారు."

చెప్పుల కొట్టు మెట్లు దిగుతుంటే ఆవిడకే నవ్వు తన్నుకొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి, ఆ తర్వాత ఆపితే ఆగలేదు. నడి వీధిలో గోడ పట్టుకుని నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. స్టెనో గారు పక్కన నిలబడి, వెళ్ళేవాళ్ళకి "ఏం లేదండీ, కవిత్వం" అని చెబుతున్నాడు.

ఆ తర్వాతి రోజులు భలే గడిచాయి. వదిన పార్లరులో కబురు వేసేసింది. ఆవిడ చెప్పేటప్పుడు 'పంపింది' అనేది, వీధి చివరికి చేరేసరికి అది 'గెలిచింది' అయ్యేది. పళ్ళ కొట్టాయన అభినందనలు చెప్పాడు. బ్రేకక్క "ఇంకా లేదండీ" అంటే, "మీరు మరీ మొహమాటస్తులు" అన్నాడు. నేర్చుకునేవాళ్ళకైతే తమ మాటలు పుస్తకంలో ఉన్నాయని తెలిసిపోయింది. అంతే, బండెక్కగానే గొంతులు మారిపోయాయి. ఆస్పత్రి నర్సమ్మ యూ టర్ను తిప్పుతూ, "జీవితమే ఒక మలుపు కదక్కా" అంది, ఓరకంట ఫోను వైపు చూస్తూ. బ్యాంకులో పనిచేసే ఒకాయన రివర్సు తీస్తూ రాగం కూడా ఎత్తుకున్నాడు. తాళాలాయన మాత్రం ఒక్కటే అడిగాడు.

"అక్కా, ఆ లారీ నాదే కదా?"

"మీదేనండీ."

"అదీ!" అని ఆయన తొడ చరిచి, కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ లారీ కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పిన కొద్దీ లారీ పెద్దదవుతూ పోయింది.

ఫోను వచ్చిన రోజు కూడా బండిలో ఉన్నది ఆయనే. వంతెన ఎక్కుతున్నారు. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగం తొక్కి పట్టి, బండి నిలపడం నేర్పుతోంది. జలుబు తగ్గిన గుమస్తా అమ్మాయి గొంతు స్పీకర్లో గలగలమంది: "నేనేనండీ! చివరి అయిదుగురిలో మీరున్నారు! హాల్లో చదవాలి, వస్తారుగా?"

బ్రేకక్క నోట్లోంచి వచ్చింది మాట కాదు. ఎక్కడో చిన్నప్పుడు ఉయ్యాల పైకి వెళ్ళినప్పుడు వచ్చే కేక లాంటిది. రెండు కాళ్ళూ కలిపి బ్రేకు తొక్కేసింది. వంతెన మధ్యలో బండి ఆగింది, వెనక బళ్ళన్నీ ఆగాయి. ఆవిడ తలుపు తీసుకుని దిగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం పరుగు పెట్టి, ముందు రేకు మీద రెండు చేతులతో దరువు వేసింది. తాళాలాయన లోపల కూర్చుని స్టీరింగ్‌ని వాటేసుకున్నాడు. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, బండి పాడైందా?"

"లేదండీ! నా పుస్తకం… చివరి అయిదుగురిలో… కవిత్వం!"

ఆయనకి ఏం అర్థమైందో గానీ, ఆవిడ మొహం చూసి తనూ నవ్వేసి, వెనక బళ్ళవాళ్ళ వైపు తిరిగి, "ఉండండయ్యా, ఆవిడకేదో మంచి జరిగింది!" అని అరిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకుండానే ఇంకొందరు కొట్టారు.

హాలుకి శనివారం మధ్యాహ్నం వెళ్ళారు. వదిన ఆవిడ జుట్టుకి ఏం చేసిందో, తల తిప్పితే జుట్టు ఒక క్షణం ఆలస్యంగా తిరిగేది. ముందు వరసలో స్టెనో గారు, వదిన, తాళాలాయన. వేదిక మీద న్యాయనిర్ణేతలు. ఒక తెల్లజుట్టు ఆవిడ, లావు కళ్ళజోడు ఆయన ఒకరు, ఎవరేం అన్నా తలూపే ఇంకొకాయన. బ్రేకక్క వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్ళి, అమ్మ కవిత చదివింది.

తెల్లజుట్టు ఆవిడ ముందుకి వంగింది. "నాకీ కవిత చాలా నచ్చింది. 'ఆ కాలు కాదండీ, రెండో కాలు' అన్న మాట నన్ను వదల్లేదు. ఆ రెండో కాలు దేనికి ప్రతీక?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం ఎవరికీ దొరకదు. 'జీవితం' అంటే చాలు. బ్రేకక్క ఒక్క క్షణం ఊగిసలాడింది.

"ప్రతీక కాదండీ," అంది. "అది నిజంగా కాలే. నేను కారు నేర్పుతాను. ఒకాయన క్లచ్‌కి బదులు…"

"ఆ కాలు నాదేనండీ!" ముందు వరసలోంచి తాళాలాయన లేచి నిలబడ్డాడు, నమ్మరేమోనని కాలు కూడా కాస్త ఎత్తి చూపించాడు.

హాలంతా గొల్లుమంది. ఆవిడ మొత్తం సంగతి చెప్పేసింది. ఫోను, టైపు, సాక్షి తుమ్ము, లారీ, అన్నీ. చెప్పినకొద్దీ జనం నవ్వు, ఆ నవ్వుకి ఆవిడ హుషారు. స్టెనో గారు నిలబడి వినయంగా నమస్కారం పెట్టాడు. కళ్ళజోడు ఆయన మాత్రం నవ్వలేదు.

"చెప్పింది బావుందమ్మా," అన్నాడు, నిదానంగా. "కానీ కొన్ని పేజీల్లో అది కవితకి ప్రాణం పోసింది, కొన్నిటిలో ఉట్టి గోల. ఎవరిదో అమ్మాయి జ్వరం నాకెందుకు? ఏది ఉంచాలో తేల్చుకోవలసింది కవే. మీరు తేల్చుకోలేదు."

హాలు చప్పబడింది. వదిన లేవబోతే తమ్ముడు చెయ్యి పట్టి ఆపాడు. బ్రేకక్క మైకు దగ్గరికి జరిగింది.

"నిజమేనండీ," అంది. "జ్వరం తీసేయాలి. వైపర్లు కూడా. లారీ మాత్రం నేను తియ్యను."

అప్పుడు నవ్వాడాయన.

బహుమతి ఆవిడకి రాలేదు. కాలేజీలో లెక్కలు చెప్పే ఒక సన్నటాయనకి వచ్చింది. పేరు పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి ఎవరా అని చూశాడు పాపం. వదిన "అన్యాయం!" అని గట్టిగానే అంది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మాత్రం బ్రేకక్కే. ఓడిపోయినట్టు అనిపిస్తోందేమోనని తనే ఒకటి రెండుసార్లు లోపల తడుముకుని చూసుకుందట, ఎక్కడా దొరకలేదు. తెల్లజుట్టు ఆవిడంతటి మనిషి, బ్రేకక్క మాట తనని వదల్లేదంది. ఇంకేం కావాలి? తర్వాత కొన్నాళ్ళు భార్యాభర్తలు రోజూ సాయంత్రం బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఏ మాట ఉంచాలి, ఏది తీయాలి అని వాదించుకున్నారు. ఆయన ప్రతి మాటా ఉంచమనేవాడు. ఆవిడ సగం కొట్టేసింది. ఆ పుస్తకం ఏడాదికి ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా వచ్చింది. సుమారుగానే అమ్ముడుపోయింది. తాళాలాయన కొట్లో కౌంటరు మీద మాత్రం ఒక కాపీ ఎప్పుడూ తెరిచే ఉండేది, లారీ పేజీ దగ్గర.

కానీ చెప్పుకోవలసింది ఆ సాయంత్రం గురించి. హాలు బయటికి వచ్చేసరికి కుండపోత. మెట్ల మీద లెక్కలాయన గుమ్మం తలుపంత జ్ఞాపికని రెండు చేతులా పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. గొడుగు విప్పడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బండి రాలేదాండీ?" అంది బ్రేకక్క.

"నాకు బండి లేదండీ. బస్సులో వచ్చాను."

"అయితే ఎక్కండి."

స్టీరింగ్ దగ్గర బ్రేకక్క, పక్కన స్టెనో గారు, వెనక సీట్లో వదిన, తాళాలాయన, మధ్యలో లెక్కలాయన, ముగ్గురి ఒళ్ళోనూ అడ్డంగా ఆ జ్ఞాపిక. నెత్తి మీద ఎర్రటి 'ఎల్' బోర్డుతో బండి కదిలింది. వదిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

"మా మరదలు చదివింది విన్నాం," అంది. "మీది సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చదవండి చూద్దాం, అంత గొప్పగా ఏముందో."

ఆయన మొహమాటపడుతూ కాగితం లేకుండానే మొదలుపెట్టాడు.

బోర్డు తుడిచినప్పుడల్లా
ఒక నిజమో ఒక తప్పో
పొడిపొడిగా నా భుజాల మీద పడుతుంది
నేను దులుపుకోను

"ఓహో," అంది వదిన, గొంతు తగ్గించి. "తర్వాత?"

తర్వాత చాలా ఉంది. అది ఎక్కడా ఆగని పొడుగాటి కవిత. ఒక వాక్యం అయిపోయిందనుకునేసరికి ఇంకోటి దాని చెయ్యి పట్టుకుని వచ్చేది. పెద్ద చౌరస్తా వచ్చింది. లెక్కలాయన ఇల్లు ఎడమ రోడ్డులో, నాలుగడుగుల్లోనే. ఎడమకి తిరిగితే ఇల్లు వచ్చేస్తుంది, కవిత తెగిపోతుంది. బ్రేకక్క తిరగలేదు. చౌరస్తా చుట్టూ ఒక రౌండు కొట్టింది. మళ్ళీ ఎడమ రోడ్డు వచ్చింది, కవిత ఇంకా అవలేదు. ఇంకో రౌండు.

"మా ఇల్లు…" అన్నాడు లెక్కలాయన.

"మీరు కానివ్వండి!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మధ్యలో ఉన్న ఫౌంటెను, దాని చుట్టూ దీపాలు, తడిసిన బళ్ళు, కొట్ల వెలుగులు గిరగిరా తిరిగి మళ్ళీ అవే వస్తున్నాయి. స్టెనో గారు కళ్ళు మూసుకుని ఒడిలో వేళ్ళతో టైపు కొడుతున్నాడు. తాళాలాయన మలుపు వచ్చినప్పుడల్లా జ్ఞాపికతో సహా వదిన మీదికి ఒరిగిపోతున్నాడు, ఆవిడ తోసేస్తోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. లెక్కలాయన గొంతు ఇప్పుడు బాగా పైకి లేచింది. వానని మించి చదువుతున్నాడు. బ్రేకక్కకి తల తిరుగుతోంది, అయినా ఎడమ ఇండికేటరు వేయలేదు. రౌండు మీద రౌండు తిప్పుతూనే ఉంది.

చివరి మాట పడింది. ఆవిడ మెల్లగా ఎడమకి తిప్పి, ఒక పచ్చ గేటు ముందు ఆపింది.

"ఇదేనా మీ ఇల్లు?"

"ఇదేనండీ," అన్నాడాయన. కానీ దిగలేదు. జ్ఞాపిక సర్దుకుని, "ఇంకోటి ఉంది. చదవమంటారా?" అన్నాడు.

ఆవిడ మళ్ళీ గేరు వేసింది.